చిటారుకొమ్మల మినివెట్, దాని గుంపు, మన కాఫీ తోటల నీడ

రెయిన్‌ఫారెస్ట్‌కి పక్షుల కోసం వెళ్తే మొదటి రోజే తెలిసిపోతుంది, అవన్నీ పైనుంటాయి, మనం కిందుంటాం. మధ్యలో ముప్పై మీటర్లో ఇంకా ఎక్కువో ఎత్తున ఆకులే ఆకులు. కింద అంతా తడి, మసక వెలుతురు, రాలిన ఆకులు, బూట్ల మీదకి పాకే జలగలు. ఎండ మాత్రం పైన ఆగిపోతుంది. ఎండ ఉన్నచోటే లేత ఆకులు, లేత ఆకులున్నచోటే గొంగళిపురుగులు, పురుగులున్నచోటే వాటిని తినే చిన్న చిన్న పిట్టలు. చెట్ల తలలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఏర్పడే ఆ పై అంతస్తునే కెనపీ అంటారు. అడవిలో బతికే జీవాల్లో చాలా భాగం అక్కడే పుట్టి అక్కడే తిని అక్కడే పోతాయి, కిందకి దిగాల్సిన పని కూడా ఉండదు వాటికి.

ఆ అంతస్తులో ఉండే పిట్టల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆరెంజ్ మినివెట్. పశ్చిమ కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఉంటుంది, తోకతో కలిపి 20 సెంటీమీటర్ల దాకా ఉంటుందేమో కానీ అందులో తోకదే చాలా భాగం, ఒళ్లు చూస్తే పిచ్చుకంత. మగదానికి తల, వీపు నిగనిగలాడే నలుపు, ఛాతీ పొట్ట అంతా నారింజ కలిసిన ఎరుపు, రెక్క మీద అదే రంగు పట్టీ. ఆడదాని లెక్క వేరు, మగదానికి ఎరుపున్న చోటల్లా దీనికి మంచి పసుపు, నలుపున్న చోట బూడిదరంగు, నుదుటి మీద కూడా పసుపు. ఫోటోల్లో అందరూ మగదాన్నే పెడతారు కానీ ఒక్కసారి పొద్దున్న ఎండలో ఆడ మినివెట్ ఎగరడం చూడండి, రెక్క విప్పినప్పుడల్లా ఆ పసుపు ఎలా వెలుగుతుందో. నాకైతే ఆ జంటని విడదీసి చూడబుద్ధి కాదు. వయసు రాని మగపిల్లలు కూడా ఆడవాటిలాగే పసుపుగా ఉంటాయి కాబట్టి గుంపులో పసుపువి ఎక్కువ కనిపిస్తే అవన్నీ ఆడవే అనుకోనక్కర్లేదు.

మినివెట్లు మనకి కొత్తవేం కాదు. హైదరాబాద్‌లో తుమ్మచెట్లున్న ఏ ఖాళీ జాగాలోనైనా, కడప, అనంతపురం వైపు చిట్టడవుల్లోనైనా స్మాల్ మినివెట్ తిరుగుతుంటుంది, పాత పుస్తకాల్లో దాన్ని కుంకుమపూజిట్ట అని రాశారు. అది ఇంకా చిన్నది, బూడిదరంగు ఒంటి మీద ఛాతీ దగ్గర మాత్రం నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది. సన్నటి గొంతుతో స్వీ స్వీ అంటూ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదకి ఒకదాని వెనక ఒకటి వరసగా పోతాయి. ఈ వరస పద్ధతి మినివెట్లన్నిటికీ ఉంది. ఒకటి లేస్తే మిగతావి అరుస్తూ దాని వెనకే లేస్తాయి, ఏదీ వెనకబడదు. ఊరి తుమ్మచెట్టు మీద ఈ అలవాటు చూసి గుర్తుపెట్టుకున్నవాళ్లు రెయిన్‌ఫారెస్ట్‌లో మెడ ఎత్తినప్పుడు ఎక్కువ కష్టపడరు, ఎందుకంటే అంత ఎత్తులో రంగు కంటే ముందు ఆ వరసే కనిపిస్తుంది.

నేను ఆరెంజ్ మినివెట్లని ఎక్కువగా చూసింది తమిళనాడులోని వాల్పారైలో. పొల్లాచ్చి నుంచి ఆళియార్ డ్యామ్ దాటాక 40 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే వచ్చే ఊరు, చుట్టూ ఆనమలై టైగర్ రిజర్వ్, మధ్యలో టీ తోటలు. అక్కడి పాత అడవిలో నాగకేసరం చెట్లు, ముళ్ల కాయలు కొమ్మలకే అంటిపెట్టుకుని కాసే కల్లీనియా చెట్లు, పాలాక్వియం చెట్లు ఎక్కువ. నాగకేసరం గురించి ఒక మాట చెప్పాలి. చలి తగ్గి ఎండలు మొదలయ్యేటప్పుడు దానికి కొత్త చిగుళ్లు వస్తాయి, అవి పచ్చగా రావు, ఎర్రగా వస్తాయి, చెట్టు చెట్టంతా పూసినట్టే ఉంటుంది, దూరం నుంచి చూసినవాళ్లు పూలే అనుకుంటారు. ఆ ఎర్ర చిగుళ్లలో ఎర్ర మినివెట్ వచ్చి కూర్చుంటే ఇంక దొరకదు, అది కదిలితే తప్ప. అంత కొట్టొచ్చే రంగు పెట్టుకుని ఎలా దాక్కుంటుందిరా అనుకునేవాణ్ని గానీ, పైనున్న వెలుగు కిందున్న వెలుగు లాంటిది కాదు, అక్కడ ఆకు మీద ఎండ పడి మెరిసే చోటు, పక్కనే నల్లటి నీడ, మళ్లీ మెరుపు, ఆ ముక్కలు ముక్కల వెలుగులో నలుపూ ఎరుపూ పిట్ట ఒక్క క్షణం ఆగితే చాలు మాయమైపోతుంది.

అందుకే అక్కడ ముందు పనిచేయాల్సింది చెవులు. మాతో వచ్చిన అడవి వాచర్ ఒకాయన, కాడర్ తెగ మనిషి, ఆనమలైలో పుట్టి పెరిగినవాళ్లు వాళ్లు, మేమంతా బైనాక్యులర్స్ పైకెత్తి వెతుకుతుంటే ఆయన మాత్రం తల కూడా ఎత్తకుండా నిలబడ్డాడు. నా వచ్చీ రాని తమిళంలో "ఏంటన్నా, చూడట్లేదా" అంటే, "ఇప్పుడు ఖాళీ సార్, ఏమీ లేవు. రాకెట్ తోకది అరిస్తే అప్పుడు చూడండి, అన్నీ కలిసే వస్తాయి" అన్నాడు. అలాగే అయింది. చాలాసేపు అడవి మొత్తం ఖాళీ అయిపోయినట్టు, ఒక్క ఆకు కదలదు, ఉన్నట్టుండి పైన ఎక్కడో గంట కొట్టినట్టు ఆయన చెప్పిన రాకెట్ తోక డ్రాంగో పిలుపు, మన పసులపోలిగాడి చుట్టమే అది, ఆ వెనకే రెండు మూడు నిమిషాల్లో చెట్టు చెట్టంతా పిట్టలు.

ఆ గుంపు సంగతి చెప్పకుండా మినివెట్ సంగతి చెప్పినట్టు కాదు. రెయిన్‌ఫారెస్ట్‌లో పురుగులు తినే పిట్టలు చాలావరకు ఒంటరిగా తిరగవు, అలాగని తమ జాతితో మాత్రమే కూడా తిరగవు, పది రకాల పిట్టలు కలిసి ఒక గుంపు కట్టి అడవిలో మెల్లగా నడుస్తున్నట్టు సాగిపోతాయి. వాల్పారై వైపు అలాంటి గుంపులో రాకెట్ తోక డ్రాంగో, బ్రాంజ్డ్ డ్రాంగో, కాండం మీద తలకిందులుగా పాకే వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్, నీలం రంగు బ్లాక్ నేప్డ్ మోనార్క్, పసుపు కనుబొమల బుల్‌బుల్, కింది పొదల్లో ఫుల్వెటాలు, చలికాలం అయితే హిమాలయాల నుంచి వచ్చిన వెస్టర్న్ క్రౌన్డ్ వార్బ్లర్లు, ఇంకా ఎక్కడో ఉత్తరాన ఉన్న అడవుల నుంచి వచ్చిన గ్రీనిష్ వార్బ్లర్లు, వీటన్నిటికీ పైన, అందరికంటే ఎత్తున మినివెట్లు. చోటు కోసం కొట్లాట పెద్దగా ఉండదు, ఎందుకంటే ఎవరి పని వాళ్లది. నట్‌హాచ్ బెరడు సందుల్లో వెతుకుతుంది, మోనార్క్ మధ్య అంతస్తులో గాల్లో పురుగుల్ని పడుతుంది, వార్బ్లర్ ఆకు కింద చూస్తుంది, మినివెట్ కొమ్మ చివర్లలో, ఆకుల పైన, కొన్నిసార్లు ఆకు ముందు గాల్లో రెక్కలాడిస్తూ ఆగి మరీ పురుగుని లాక్కుంటుంది. ఒకే చెట్టు, కానీ ఒక్కొక్కరు ఒక్కో చోట తింటున్నారు.

ఎందుకు కలిసి తిరగడం అంటే రెండు కారణాలు గట్టిగా చెప్తారు. ఒకటి, కళ్లు ఎక్కువ. పురుగు మీద చూపు పెట్టిన పిట్ట ఆకాశం మీద చూపు పెట్టలేదు, డేగ వస్తే పని అయిపోతుంది. గుంపులో డ్రాంగో లాంటిది ఒకటుంటే అది ఎత్తున కూర్చుని కాపలా కాస్తుంది, ప్రమాదం వస్తే అరుస్తుంది. డ్రాంగోకి కూడా ఊరికే కాదు ఈ కాపలా, మిగతా పిట్టలు ఆకులు కదిపితే లేచే పురుగులు దానికి దొరుకుతాయి, అది రెండో కారణం. మన పొలాల్లో బర్రె వీపు మీద కూర్చుని గడ్డిలోంచి లేచే పురుగుల్ని పట్టే పసులపోలిగాడు కూడా డ్రాంగోనే కదా, అక్కడ బర్రె చేసే పనే ఇక్కడ ఈ చిన్న పిట్టల గుంపు చేస్తోంది.

ఈ గుంపుల మీద శ్రీలంకలోని సింహరాజ అడవిలో ఏళ్ల తరబడి పని జరిగింది, 1980ల నుంచి అక్కడ గుంపుల్ని లెక్కపెడుతూ వస్తున్నారు. సరత్ కొటగమ, ఎబెన్ గుడేల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడి రాకెట్ తోక డ్రాంగో గురించి 2006లో రాసిన సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు రెండు రోజులు అదే ధ్యాస. డ్రాంగో వేరే పిట్టల గొంతుల్ని అనుకరిస్తుంది అని అందరికీ తెలుసు, వీళ్లు ఆ అనుకరణ రికార్డుల్ని అడవిలో వినిపించి చూశారు, గుంపులో తిరిగే వేరే జాతుల పిట్టలు ఆ శబ్దానికి దగ్గరికి వచ్చాయి. అంటే డ్రాంగో పక్కవాళ్ల భాషలో పిలిచి గుంపుని పోగేసుకుంటోందన్నమాట. వాల్పారైలో ఆ వాచర్ అన్న తల ఎత్తకుండా దేనికోసం ఎదురుచూశాడో ఇది చదివాక ఇంకా బాగా అర్థమైంది, ఆయన పేపర్లు చదవలేదు, చిన్నప్పటి నుంచి అడవిని విన్నాడు.

గూడు సంగతి కూడా చెప్పాలి. మినివెట్ గూడు ఎత్తైన కొమ్మ మీద చిన్న గిన్నెలా ఉంటుంది, సన్నటి పుల్లల్ని సాలెగూడు దారాలతో కట్టి, బయట వైపు బెరడు ముక్కలు, పాత కొమ్మల మీద నాచులా పట్టే లైకెన్ అతికిస్తుంది. పూర్తయ్యాక అది గూడులా ఉండదు, కొమ్మకే ఒక బుడిపె వచ్చినట్టు ఉంటుంది. చుక్కలున్న రెండు మూడు గుడ్లు, పిల్లలకి తిండి పెట్టడం తల్లీతండ్రీ ఇద్దరి పనీ. లైకెన్ పట్టాలంటే కొమ్మ పాతదై ఉండాలి, గాలిలో తేమ ఉండాలి, సాలీళ్లు ఉండాలి. అంటే ఈ పిట్ట ఇల్లు కట్టుకునే సామానంతా పాత చెట్టు దగ్గరే దొరుకుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

చూడాలనుకునేవాళ్లకి ఒక ఉపాయం. అడవి లోపల నిలబడి నిట్టనిలువుగా పైకి చూస్తే గంటలో మెడ పట్టేస్తుంది, కనిపించేది పొట్టలు మాత్రమే, అది కూడా తెల్లటి ఆకాశం ముందు నల్లగా. దానికంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో, లోయ వైపు చెట్ల తలలు మన కళ్లకి సమానంగా వచ్చే చోటు చూసుకుని నిలబడాలి. కొండ వాలు మనల్ని కెనపీ ఎత్తుకి తీసుకెళ్లి పెడుతుంది. పొద్దున్నే ఎండ ఆ తలల మీద పడ్డాక ఒక గంట అక్కడే ఉంటే చాలు. వీపు మీద ఎండ ఉండాలి, ముఖం మీద కాదు. వెహికల్స్ చూసుకోండి, మలుపులో రోడ్డుకి అడ్డంగా నిలబడొద్దు, పైగా ఆ రోడ్డు మీద ఏనుగులు కూడా తిరుగుతాయి. ఫోన్లో పక్షి గొంతుని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ పెట్టి రికార్డు చేసుకోవచ్చు, కానీ రికార్డు చేసిన పాట గట్టిగా ప్లే చేసి పిట్టని దగ్గరికి రప్పించడం మాత్రం దయచేసి చేయొద్దు, గూటి రోజుల్లో అయితే అస్సలు వద్దు. వాల్పారై దూరమైతే కేరళలో కోతమంగళం దగ్గర తట్టేకాడ్ ఉంది, 1930ల్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ తిరువాన్కూరు కొచ్చి పక్షుల సర్వే చేసినప్పుడు పక్షులకి చాలా గొప్ప చోటు అని చెప్పిన అడవి, 1983లో శాంక్చువరీ అయింది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తా. వాల్పారై పీఠభూమి అంతా ఒకప్పుడు ఏకంగా రెయిన్‌ఫారెస్టే. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ ప్లాంటర్లు వచ్చి నరకడం మొదలుపెట్టారు, కాఫీ, తర్వాత టీ. ఇవాళ పీఠభూమి మీద మిగిలింది టీ మధ్యలో అక్కడక్కడా అడవి ముక్కలు, కొన్ని పెద్దవి, కొన్ని మరీ చిన్నవి. మినివెట్‌కి రెక్కలున్నాయి కదా ఎగిరి వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్తుంది. కానీ చెట్టు నుంచి చెట్టుకి, గుంపుతో, తింటూ తింటూ వెళ్లే బతుకు అది. టీ తోట అంటే నడుమెత్తు పొదలు, మధ్యమధ్యలో నీడ కోసం ఎడంగా నాటి కొమ్మలు కొట్టేసిన సిల్వర్ ఓక్ చెట్లు. చెట్లున్నాయి, కెనపీ లేదు. తలలు ఆనుకోవు, కింద అంతస్తులు లేవు, గుంపులో సగం మందికి అక్కడ పనే లేదు. నట్‌హాచ్‌కి పాత బెరడు కావాలి, ఫుల్వెటాకి పొద కావాలి, ఇవేవీ లేకపోతే గుంపు అడవి అంచు దాకా వచ్చి ఆగిపోతుంది.

కాఫీ తోట వేరు. కాఫీకి నీడ కావాలి కాబట్టి పాతకాలం ప్లాంటర్లు కింద పొదలు తీసేసి పైన అడవి చెట్లని చాలాచోట్ల ఉంచేశారు. పశ్చిమ కనుమల్లో జరిగిన పరిశీలనల్లో మళ్లీ మళ్లీ తేలింది ఇదే, స్థానిక అడవి చెట్ల నీడలో ఉన్న కాఫీ, ఏలకుల తోటల్లో అడవి పక్షులు చాలా రకాలు నిలుస్తాయి, టీ తోటలో నిలవవు, అదే కాఫీ అయినా పైన నీడ మొత్తం సిల్వర్ ఓక్‌గా మార్చేస్తే తగ్గిపోతాయి. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. నిటారుగా త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకించడానికి బాగుంటుంది, కోసి అమ్ముకోవడం తేలిక, రైతు దాన్ని ఎందుకు ఇష్టపడతాడో నాకు పూర్తిగా అర్థమవుతుంది. కానీ వందల ఏళ్ల నాగకేసరం మీద బతికే పురుగులూ, దాని కొమ్మల మీద పట్టిన లైకెనూ ఆ చెట్టు మీద దొరకవు కదా. పైన గూడు గురించి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

వాల్పారైలో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ వాళ్లు, ముఖ్యంగా దివ్య ముదప్ప, టి.ఆర్. శంకర్ రామన్, 2000ల మొదటి నుంచి ఈ పాడైన అడవి ముక్కల్లో లాంటానా అనే కలుపు పొదలు పీకి, నర్సరీలో పెంచిన స్థానిక మొక్కలు వంద రకాలకి పైనే నాటుతూ వస్తున్నారు. ఎస్టేట్ల వాళ్లతో మాట్లాడి, ఒప్పించి, వాళ్ల భూముల్లోనే. ఒకే జాతి మొక్కలు లక్షలు నాటి ఫోటో దిగడం కాదిది. ఏ ఎత్తులో ఏ చెట్టు ఉండేదో చూసుకుని, విత్తనాలు రోడ్డు పక్కన ఏరి, మొలకెత్తించి, నీడ కావాల్సినదాన్ని నీడలో పెట్టి చేసే పని. అలా నాటిన ఒక ముక్క పక్కన నిలబడినప్పుడు నాకు కలిగిన గౌరవం మాటల్లో పెట్టలేను. ఆ మొక్కలు నాగకేసరం ఎత్తుకి చేరేసరికి నాటినవాళ్లలో ఎవరూ ఉండరు, అది తెలిసే నాటారు.

మరి మన సంగతి. తూర్పు కనుమల్లో, అరకు, పాడేరు, మారేడుమిల్లి వైపు, ఆరెంజ్ మినివెట్ ఉండదు కానీ దాని అన్నదమ్ముడు స్కార్లెట్ మినివెట్ ఉంటుంది. చాలాకాలం రెండిటినీ ఒకే జాతిగా లెక్కపెట్టారు, ఈమధ్య కాలంలోనే విడదీశారు. దీనిది ఇంకా చిక్కటి ఎరుపు, నారింజ తక్కువ. అక్కడిది పశ్చిమ కనుమల లాంటి నిండు రెయిన్‌ఫారెస్ట్ కాకపోయినా లోయల్లో, వాగుల పక్కన ఎత్తైన పచ్చటి చెట్లున్న చోట అదే పద్ధతి, అదే గుంపు, అదే వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్ కూడా. ఇక అరకు కాఫీ గురించి చెప్పక్కర్లేదు, 2019లో ఆ ప్రాంతానికే చెందిన పంట అని ఇచ్చే జీఐ ట్యాగ్ వచ్చింది, గిరిజన రైతుల చిన్న చిన్న తోటలు, ఆ కాఫీ తాగినప్పుడల్లా గర్వంగా ఉంటుంది నాకు. ఆ తోటల్లో ఎక్కువగా కనిపించే నీడ చెట్టు కూడా సిల్వర్ ఓకే. పోడు కొట్టి ఖాళీ అయిన కొండల మీద త్వరగా నీడ కావాలంటే అప్పట్లో అదే దారి, దాన్ని తప్పుపట్టను, బోసికొండ కంటే అది వెయ్యి రెట్లు మేలు. కానీ ఇప్పుడు నీడ వచ్చేసింది. ఇకమీదట పోయిన చెట్టు స్థానంలో పనస, మామిడి, నేరేడు, ఇంకా ఆ కొండల్లోనే పుట్టిన అడవి చెట్లు వస్తే రైతుకి కాయా వస్తుంది, పైన తలలూ కలుస్తాయి. చాలామంది గిరిజన రైతులు పనస, మామిడి చెట్లని కొట్టకుండా ఉంచుకున్నారు, వాళ్లకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. చెప్పాల్సింది కాఫీ కొనేవాళ్లకి. ప్యాకెట్ మీద రుచి గురించి పేరాలు పేరాలు రాస్తారు, పైన ఏ చెట్ల నీడలో పండిందో ఒక్క లైను రాయరు. ఆ లైను అడుగుదాం, ఆ లైనుకి రూపాయి ఎక్కువిద్దాం. స్థానిక చెట్టు ఉంచుకున్న రైతుకి ఆ రూపాయి అందితే సిల్వర్ ఓక్ కలప డబ్బుతో పోటీ పడొచ్చు.

ఇంకో చిన్న విన్నపం, మన్యం వైపు వెళ్లే బర్డింగ్ మిత్రులకి. లంబసింగి మంచు, బొర్రా గుహలు అయ్యాక ఒక పొద్దున్న కాఫీ తోటలకి ఇవ్వండి. ఒక గంట అడవి చెట్ల నీడలో ఉన్న తోటలో, ఒక గంట మొత్తం సిల్వర్ ఓక్ ఉన్న తోటలో, రైతుని అడిగి లోపలికి వెళ్లి, కనిపించినవీ వినిపించినవీ అన్నీ పక్షుల లిస్టులు పెట్టే ఈబర్డ్ సైట్‌లో వేరు వేరు లిస్టులుగా పెట్టండి, నోట్స్‌లో నీడ చెట్టు పేరు రాయండి. స్కార్లెట్ మినివెట్ కనిపిస్తే ఎన్ని మగవి, ఎన్ని పసుపువి, ఏ చెట్టు మీద, గుంపులో ఇంకెవరున్నారు, అది కూడా. మన కొండల నుంచి ఇలాంటి లిస్టులు ఎన్ని ఉంటే అంత మంచిది. నాకు లింకు పంపితే అన్నీ ఒక చోట పెడతాను.